రాయకు, గుర్తుపెట్టుకో

ఈ మధ్య ఏ ఆసుపత్రికి వెళ్ళినా డాక్టరుగారి బల్ల మీద ఒక ఫోను ఉంటోంది. నీళ్ళ సీసా పక్కన, తెర పైకి పెట్టి, ఒక ఎర్ర చుక్క వెలుగుతూ. మనం నసుగుతూ, నీళ్ళు నములుతూ మన గోడు చెప్పుకుంటుంటే అది వింటూ ఉంటుంది. మొన్న మోకాళ్ళ నొప్పులకి వెళ్ళినప్పుడు, "ముందు అది ఆపండి బాబూ, తర్వాత చెప్తాను" అన్నాను. ఆ కుర్ర డాక్టరు నవ్వి, "మోకాలి నొప్పిలో రహస్యం ఏముంటుందండీ" అన్నాడు. నిజమే, నా మోకాళ్ళలో రహస్యమేమీ లేదు. అయినా ఆపించాను. ఎందుకో ఆ అబ్బాయికి చెప్పే వ్యవధి లేదు, బయట జనం కూర్చుని ఉన్నారు. మీకు చెప్తాను. మీలో ఎవరైనా ఆసుపత్రి ఉద్యోగంలో కొత్తగా చేరి ఉంటే మరీ చదవండి.

నాది గొప్పగా చెప్పుకునే ఉద్యోగమేమీ కాదు. గవర్నర్‌పేటలో టైపు ఇన్‌స్టిట్యూట్లో లోయరు, హయ్యరు పాసై, అక్కడికి నడిచిపోయే దూరంలోనే ఒక నర్సింగ్ హోములో టైపిస్టుగా చేరాను. అక్కడే రిటైరయ్యాను. నేను బయటికొచ్చేనాటికి దానికి లిఫ్టులు, అద్దాలు, ఎక్కడో ఉండే యాజమాన్యం అన్నీ వచ్చాయి. నా కుర్చీ మారింది, నా పోస్టు పేరు మారింది, పని మాత్రం మారలేదు. డాక్టర్లు నోటితో చెప్పింది కాగితం మీద పెట్టడం, ఆ కాగితాలు జాగ్రత్తగా దాచడం.

ఎక్కువకాలం నేను పనిచేసింది ఒక ఆడడాక్టరుగారి దగ్గర. కాన్పులు, గర్భసంచి జబ్బులు, పిల్లలు లేనివాళ్ళ వైద్యం ఆవిడ చూసేవారు. మేమందరం మేడమ్ అనేవాళ్ళం. ఆవిడ నన్ను చేరిన రోజు 'అమ్మాయ్' అన్నారు, నా జుట్టు నెరిసిపోయాక కూడా అమ్మాయ్ అనే పిలిచేవారు. నోరు కాస్త దురుసు, చెయ్యి మాత్రం చాలా మెత్తన. ఓపీ చూస్తూనే ఒక్కొక్క పేషెంటు వెళ్ళగానే టేపురికార్డరులో నాలుగు ముక్కలు చెప్పేవారు. నేను సాయంత్రం ఆ క్యాసెట్టు పెట్టుకుని టైపు చేసేదాన్ని.

ఆ నాలుగు ముక్కల మధ్యలో ఒక మాట వచ్చేది. "అమ్మాయ్, రాయకు, గుర్తుపెట్టుకో." ఆ తర్వాత వచ్చేది ఫైల్లోకి ఎక్కకూడదు. ఈవిడ మొగుడు తాగొచ్చి కొడతాడు. ఈవిడకి పెళ్ళికి ముందు ఒక కడుపు పోయింది, అత్తగారికి తెలీదు. ఈ అమ్మాయికి పిల్లలు పుట్టకపోవడం ఆయన లోపం, ఆయన పరీక్షకి రానంటున్నాడు. అలాంటివి. నేను టైపు ఆపి వినేదాన్ని. ఆ పేషెంటు మళ్ళీ వచ్చిన రోజు, లోపలికి పిలవకముందే వెళ్ళి మేడమ్ చెవిన వేసేదాన్ని. ఆవిడ వేలమందిని చూసేవారు, గుర్తుండేది కాదు. అంటే ఒక్కో పేషెంటుకి రెండు ఫైళ్ళన్నమాట. ఒకటి బీరువాలో, ఒకటి నా బుర్రలో.

ఎందుకు రాయొద్దంటారో ఎవరూ నాకు విడమరిచి చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళ ఫైలు ఆడవాళ్ళ చేతిలో ఉండటం నేను అరుదుగా చూశాను. మొగుడు చంకలో పెట్టుకుని వస్తాడు. బస్సులో తిరగేస్తాడు. ఇంట్లో ఆడపడుచు చదువుతుంది, ఊళ్ళో ఆర్‌ఎంపీ చదువుతాడు. ఫైలంటే ఇంటిల్లిపాదికీ ఉత్తరం రాసినట్టే. అందుకే రాసేదొకటి, గుర్తుపెట్టుకునేదొకటి. మా ఆయన ఎప్పుడూ వేళాకోళం ఆడేవారు, "మీ ఆసుపత్రిలో ఏమీ జరగదేమిటే, ఇన్నేళ్ళలో ఒక్క కబురు చెప్పలేదు" అని. "జరగదండీ, అందరూ వచ్చి మందులు రాయించుకుని పోతారు" అనేదాన్ని.

ఇప్పుడు ఇదంతా ఎలా రాస్తున్నావని మీరు అడగొచ్చు. ఊరు మార్చాను. ఆమె చేసే పని మార్చాను. ఆయన వ్యాపారం మార్చాను. మార్చనిది జరిగినదొక్కటే.

బల్ల మీద ఫోనులోంచి విని రాసే ఆ యంత్రం మా ఆసుపత్రికి రావడం పెళ్ళిలా జరిగింది. గన్నవరంలో విమానం దిగి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. మీటింగు హాల్లో సమోసాలు, కాఫీలు. తెలుగూ ఇంగ్లీషూ కలిపి ఎలా మాట్లాడినా అది విని, శుభ్రమైన ఇంగ్లీషులో కేసు రాసేస్తుందన్నారు. పైగా పేషెంటు ఫోనుకి, చదివితే అర్థమయ్యేలా తెలుగులో చిన్న సారాంశం కూడా పంపిస్తుందన్నారు. చేసి చూపించారు. నిజంగానే బాగా రాసింది. తప్పులు నా కంటే తక్కువే ఉన్నాయి, ఒప్పుకుంటాను.

మత్తుమందు ఇచ్చే డాక్టరుగారు ఒక్కరే అడిగారు. "ఈ మాటలన్నీ ఎక్కడికి పోతాయయ్యా?"

"క్లౌడ్‌లోకి సార్."

"ఆ క్లౌడ్ ఎక్కడుంది?"

"ఎక్కడున్నా తాళం వేసి ఉంటుంది సార్. తాళంచెవి మా దగ్గర కూడా ఉండదు."

దాని మీద చాలాసేపు చర్చ జరిగింది. ఏ దేశంలోనో కూర్చుని మన పేషెంట్ల గుట్టు దొంగిలించి అమ్ముకునేవాళ్ళ గురించి, ఇన్సూరెన్సు కంపెనీల గురించి, కోర్టుల గురించి. తలా ఒక భయం చెప్పారు. ఆ కుర్రాళ్ళు అన్నింటికీ సమాధానం చెప్పారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. అంతమంది చదువుకున్నవాళ్ళం, అందరం సముద్రాల అవతల ఉన్న దొంగ గురించే ఆలోచించాం. నాకైతే ఆ భయం కూడా లేదు. నా ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్నదే నా భయం. ఉంటుందన్నారు. యంత్రం రాసింది నేను చదివి సరిచూడాలట. నా కింద పనిచేసే ఇద్దరు ఆడపిల్లల్ని మాత్రం ఇంటికి పంపేశారు.

దానికి పేషెంటు అనుమతి కావాలి. అది రిజిస్ట్రేషన్ కౌంటర్లో తీసుకునేవాళ్ళు. మాట్లాడింది రికార్డు చేసుకోవచ్చా అని ఫోనుకి ఒక ఓటీపీ వస్తుంది, అది చెప్తే ఒప్పుకున్నట్టు. ఆడమనిషి కౌంటరు దగ్గర నిలబడుతుంది. పక్కన మొగుడు జేబులోంచి ఫోను తీసి, కళ్ళజోడు పైకి జరిపి, నంబరు పైకి చదువుతాడు. కౌంటర్లో పిల్ల కొట్టుకుంటుంది. ఆవిడ ఒప్పుకున్నట్టు లెక్క. ఇది రోజూ నా కళ్ళ ముందే జరిగేది. వింతగా అనిపించలేదు. మొదటినుంచీ ఆడవాళ్ళ ఫైలు మీద ఉండేది మొగుడి నంబరే కదా.

మేడమ్ మొదట్లో ఆ ఫోను ముట్టుకోలేదు. తర్వాత మెల్లిగా అలవాటు పడ్డారు. పేషెంటు లోపలికి రాగానే నర్సు బొత్తాం నొక్కేది, పేషెంటు వెళ్ళాక మేడమ్ నాలుగు ముక్కలు చెప్పి తానే ఆపేవారు. ఆపగానే సారాంశం దానంతటదే పేషెంటు ఫోనుకి వెళ్ళిపోయేది. ఒకరోజు నాతో అన్నారు, "నీకంటే ఇదే నయమే అమ్మాయ్. టీకి వెళ్ళదు, ఎదురు చెప్పదు." కొంచెం ఉడుకుమోత్తనం వచ్చింది నాకు. బయటికి నవ్వాను.

ఇక ఆ రోజు.

చల్లపల్లి వైపు నుంచి ఒక జంట వచ్చారు. ఆయనకి ఎరువుల షాపు, ఆమె అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. మొదటి కడుపు అయిదో నెలలో పోయింది. ఆ తర్వాత పిల్లల్లేరు. అత్తగారు తరిమితే వచ్చారు. వరండాలో నేను వాళ్ళని చూశాను. ఎందుకు గుర్తుందంటే, అందరూ ఫోన్లు చూసుకుంటుంటే ఆమె ఒళ్ళో పరీక్ష పేపర్లు పెట్టుకుని ఎర్ర పెన్నుతో దిద్దుకుంటోంది. ఫైలు ఆయన చేతిలో ఉంది. ఆయన నెమ్మదైన మనిషిలా ఉన్నాడు. నేను వెళ్తుంటే కాళ్ళు పక్కకి తీసుకుని, "వెళ్ళండమ్మా" అన్నాడు.

లోపల ఏం జరిగిందో తర్వాత మేడమ్ చెప్పారు. కొంత యంత్రం కూడా చెప్పింది. ఆయన్ని వరండాలోనే ఉండమని, తెర చాటున ఆమెని బల్ల మీద పడుకోబెట్టి స్కాన్ చేస్తే, గర్భసంచిలో లూపు ఉంది. పిల్లలు కావాలని వచ్చిన మనిషికి, పిల్లలు పుట్టకుండా పెట్టే లూపు. మేడమ్ ఏదో అనబోయేంతలో ఆమె గబుక్కున చెయ్యి పట్టుకుంది.

"మేడమ్, మీకు దణ్ణం పెడతాను. ఆయనకి చెప్పకండి."

"ఎవరు వేశారమ్మా ఇది?"

"బందరులో నేనే వేయించుకున్నానండి. మా స్కూలు టీచరు తోడొచ్చింది."

"ఎందుకూ?"

ఆమె చెప్పిందట. మొదటి కడుపు దానంతటది పోలేదు. మెట్ల మీద ఆయన తోశాడు. "ఆ ఇంట్లో ఇంకో ప్రాణాన్ని తేలేనండి. డీఎస్సీకి చదువుతున్నాను. గవర్నమెంటు ఉద్యోగం వస్తే దూరంగా వేయించుకుని వెళ్ళిపోతాను. పిల్లలుంటే వెళ్ళలేను మేడమ్. అప్పటిదాకా ఇది ఉండనివ్వండి."

మేడమ్ ఆమె తల నిమిరి, లేవదీసి, ఆయన్ని లోపలికి పిలిచి ఇంకా కొన్ని పరీక్షలున్నాయని, తొందరపడొద్దని, వచ్చే నెల రమ్మని చెప్పారు. ఆయన నమస్కారం పెట్టి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. మేడమ్ ఫోను వైపు తిరిగి, పాతికేళ్ళకి పైగా నాతో చెప్పినట్టే చెప్పారు. అమ్మాయ్, ఈ పిల్లకి లూపు ఉంది, మొగుడికి తెలీదు, వాడు కొట్టే రకం, ఉద్యోగం రాగానే వెళ్ళిపోతుందట. రాయకు, గుర్తుపెట్టుకో. బొత్తాం నొక్కి తర్వాతి పేషెంటుని పిలిచారు.

నేను ఆ గదిలో లేను. అదొక్కటే ఆవిడ మర్చిపోయింది.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, యంత్రం రాసినవి ఒక్కొక్కటే చదువుతున్నాను. ఈ కేసు తెరిచాను. ఇంగ్లీషులో అన్నీ వరసగా ఉన్నాయి. ఈ విషయం రాయవద్దని వైద్యురాలు సూచించారని కూడా ఉంది. ఆ కింద, పేషెంటుకి పంపే తెలుగు సారాంశం. అది ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు.

'నమస్కారం. మీ నేటి సందర్శన వివరాలు. మీ గర్భాశయంలో గర్భనిరోధక సాధనం సరైన స్థితిలో ఉంది. ఈ విషయం మీ భర్తకు తెలియకూడదని మీరు కోరారు. ఉద్యోగం లభించిన తర్వాత వేరుగా నివసించాలన్న మీ ఆలోచనను వైద్యురాలితో చర్చించారు. జాగ్రత్తగా ఉండండి.'

పక్కన పచ్చగా టిక్కు ఉంది. వెళ్ళిపోయిందని అర్థం.

మేడమ్ గదిలోకి పేషెంటు ఉండగానే వెళ్ళాను. ఎప్పుడూ అలా వెళ్ళను కాబట్టి ఆవిడ నా మొహం చూసి పేషెంటుని కాసేపు బయట కూర్చోమన్నారు. చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"నేను రాయొద్దన్నానే" అన్నారు.

"అది కూడా రాసింది మేడమ్."

"ఆ పిల్లకి ఫోన్ చెయ్యి. ఇంటికి వెళ్ళొద్దని చెప్పు. ఎక్కడైనా దిగిపొమ్మను."

"మన దగ్గరున్న నంబరు ఆయనదే."

ఆవిడ నా వైపు చూశారు. ఆ చూపు నేను మర్చిపోలేను. ఏ స్కూలో రాసుకోలేదు. ఆమె పుట్టింటివాళ్ళ నంబరు లేదు. ఆ పిల్ల కడుపులో ఏముందో మాకు తెలుసు, ప్రపంచంలో ఏ మేఘంలోనో ఆమె గొంతు కూడా ఉంది, ఆమెని పిలవడానికి మాత్రం మాకు దారి లేదు. ఉన్నది ఒక్కటే దారి, అది ఆయన జేబులో ఉంది.

ఆయన ఇంకా మెసేజ్ చూసుండడులే అనుకున్నాం. బండి మీద వెళ్తుంటారు, ఇంటికెళ్ళేదాకా ఫోను తీయడులే అనుకున్నాం. ఏదో వంక పెట్టి వెనక్కి రప్పిస్తే, ఆమెని లోపలికి పిలిచి ఉన్న సంగతి చెప్పొచ్చు. మా ల్యాండ్‌లైను నుంచి నేనే చేశాను. వెంటనే ఎత్తాడు. వెనకాల లారీల చప్పుడు, గానుగ మిషను చప్పుడు.

"నమస్కారమండి, హాస్పిటల్ నుంచి మాట్లాడుతున్నాను. మేడమ్‌గారు మిమ్మల్ని ఒకసారి వెనక్కి రమ్మంటున్నారు. రక్తపరీక్షలో చిన్న అనుమానం వచ్చింది, మళ్ళీ తియ్యాలట."

"ఇవాళ రక్తమేమీ తియ్యలేదు కదండి" అన్నాడు. గొంతులో కోపం లేదు. తప్పు లెక్క చెప్పిన మనిషికి సరిదిద్దినట్టు చెప్పాడు.

నర్సు తప్పు చెప్పిందనో, ఇంకో పేరు అనుకున్నాననో ఏదో అన్నాను.

"పర్లేదండి. మేం ఉయ్యూరులో ఆగాం, చెరకురసం తాగుతున్నాం. మీరు పంపింది చదువుతూనే ఉన్నాను. చాలా వివరంగా పంపారు."

వెనకనుంచి ఆమె గొంతు వినబడింది. "ఎవరండీ ఫోను?"

"హాస్పిటలోళ్ళు" అన్నాడు ఆమెతో. "ఏదో చెప్తున్నారు. నువ్వు తాగు."

"ఒకసారి ఫోను మీ ఆవిడకి ఇవ్వండి సార్. ఆడవాళ్ళ విషయం, ఒక్క మాట చెప్పాలి."

"తను తాగుతోంది లెండి. ఇంటికెళ్ళాక తీరిగ్గా మాట్లాడిస్తాను." కొంచెం ఆగి, "థాంక్సండి" అన్నాడు.

మళ్ళీ చేస్తే ఫోను కట్టేసి ఉంది. గానుగ చప్పుడు మాత్రం నా చెవిలో ఉండిపోయింది. ఆమె ఇంకా గ్లాసు చేత్తో పట్టుకుని ఉంది. ఆ గ్లాసు ఖాళీ చేసి బండెక్కుతుంది. నడుం చుట్టూ చెయ్యేసి పట్టుకుంటుంది, పడిపోకుండా.

మా దగ్గర పనిచేసి మానేసిన నర్సు ఒకావిడ అటువైపే ఉంటుంది. మేడమ్ ఆవిడని బతిమాలి, అడ్రసు ఇచ్చి, మర్నాడు పొద్దున్నే పంపారు. ఇంట్లో అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "పిల్లకి ఒంట్లో బాలేదు, పడుకుంది" అని పంపేసిందట. స్కూల్లో అడిగితే సెలవు పెట్టిందన్నారు. పోలీసులకి చెబుదామా అని మేడమ్ అంటే, ఆ నర్సే వద్దంది. "వాళ్ళొస్తారు, టీ తాగి వెళ్తారు. తర్వాత ఆ పిల్ల అక్కడే ఉండాలి కదండి" అంది. ఆవిడ అన్నది తప్పో ఒప్పో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. మేము మాత్రం చెప్పలేదు.

ఇక మా వాళ్ళ మీటింగు. పరిపాలన చూసే ఆయన సూటు వేసుకుని వచ్చాడు. మా వైపు నుంచి తప్పేమీ జరగలేదన్నాడు. అనుమతి తీసుకున్నాం, ఓటీపీ రికార్డు ఉంది అన్నాడు.

"ఆ ఓటీపీ చెప్పింది ఆమె కాదు" అన్నారు మేడమ్.

"ఆమె పేరు మీద రాయించిన నంబరుకే వెళ్ళింది మేడమ్. సిస్టమ్‌కి సంబంధించినంతవరకు ఆమే చెప్పింది. అయినా, క్షమించాలి, అంత సెన్సిటివ్ విషయం మీరు పైకి అనకుండా ఉండాల్సింది."

మేడమ్‌ని ఎవరైనా తప్పుపట్టడం, ఆవిడ ఊరుకోవడం అదే మొదటిసారి చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట అన్నందుకు కాదు, అందులో సగం నిజం ఉన్నందుకు. మేడమ్ ఆ రోజు నుంచి ఫోను ముందు వార్తలు చదివినట్టు మాట్లాడేవారు. అమ్మాయ్ అనడం మానేశారు. నన్ను కూడా కొన్నాళ్ళు అలా పిలవలేదు.

కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి ఆ రికార్డు చెరిపేయమంటే, చెరిపేశామన్నారు. పూర్తిగానా అంటే, మన స్క్రీను మీద కనబడదు కానీ బ్యాకప్‌లో కొంతకాలం ఉంటుందన్నారు. ఆ బ్యాకప్ ఎక్కడుంటుందయ్యా అంటే, ఆ కుర్రాడు పాపం నిజాయితీగానే, "నాకు తెలీదండీ" అన్నాడు. చెరిపినా ఉపయోగమేముంది, చేరాల్సినచోటికి చేరిపోయాక. ఆమె మొగుడు దాన్ని వాళ్ళింటి వాట్సాప్ గ్రూపులో పెట్టాడని తర్వాత తెలిసింది.

మా ఆసుపత్రి దీనికి ఒక దిద్దుబాటు కూడా చేసింది. ఇకమీదట సారాంశం దానంతటది వెళ్ళదు. సరిచూసే మనిషి చదివి, బాగుందనుకుని బొత్తాం నొక్కితేనే వెళ్తుంది. ఆ మనిషి నేనే. "ఇక మీ చేతుల్లోనే ఉందమ్మా" అన్నాడు పరిపాలనాయన, ఏదో సన్మానం చేసినట్టు. నిజానికి నేను సంతోషించాను. ఇంకెవరికీ ఇలా జరగనివ్వను అనుకున్నాను.

కొద్దివారాలకే ఆ చల్లపల్లి వాళ్ళు మళ్ళీ వచ్చారు. ముగ్గురు. ఆయన, ఆయన తల్లి, మధ్యలో ఆమె. ఈసారి ఒళ్ళో పేపర్లు లేవు. ఎండాకాలంలో నిండుచేతుల జాకెట్టు వేసుకుంది. ఆ రోజు ఫోను చేసింది నేనేనని ఆయనకి తెలీదు, గొంతు మాత్రమే విన్నాడు కదా. "లూపు తీయించాలండి" అన్నాడు కౌంటర్లో, షాపులో బస్తా అడిగినట్టు. ఓటీపీ వచ్చింది. చదివి చెప్పాడు.

మేడమ్ నన్ను కూడా లోపలికి రమ్మన్నారు. ఆయన గుమ్మం దగ్గర నిలబడి బల్ల వైపు చూశాడు. "ఆ మిషను ఆన్‌లో ఉందాండి?"

"ఉంది" అన్నారు మేడమ్.

"ఉండనివ్వండి. దాని పుణ్యమా అని మా ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసింది. మనుషులు దాస్తారు, అది దాచదు."

"మీరు బయట కూర్చోండి. అమ్మా, మీరు కూడా." అత్తగారు గొణుక్కుంటూ కదిలింది. తలుపు నేనే వేశాను. మేడమ్ ఫోను తీసుకుని ఆపి, బోర్లా పెట్టి, దాని మీద ఒక దుప్పటి మడత కూడా పెట్టారు. ఆపిన ఫోను మీద దుప్పటి ఎందుకని నాకు నవ్వు రాలేదు.

"ఇప్పుడు చెప్పమ్మా. నీకు ఇష్టం లేకపోతే నేను తియ్యను. తీసేశానని చెప్తాను. ఎవరికీ తెలీదు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "బయట స్కాన్ చేయిస్తారండి. సాయంత్రానికి మాట్లాడి పెట్టారు. అందులో కనబడితే..."

"పోనీ ఇక్కడే అడ్మిట్ అయిపో. ఏదో ఒకటి చెప్తాను. ఈలోగా మీ వాళ్ళని పిలిపిస్తాను."

"మా అన్నయ్యకి కూడా ఆ మెసేజ్ పంపారండి. మొగుణ్ణి మోసం చేశావని తిట్టాడు." ఏడవలేదు ఆమె. ఏడుపు అయిపోయినట్టుంది. "డీఎస్సీ పుస్తకాలు షాపులో పొట్లాలకి వాడేశారు. బడి మాన్పించారు. వెళ్ళిపోవడానికి నేను రాత్రిళ్ళు లెక్కలు కట్టుకున్నదంతా ఆయన ఫోనులో చదువుకున్నారు మేడమ్. ఇంకేముంది చెప్పడానికి."

మేడమ్ తల దించుకున్నారు. "తప్పు నాదేనమ్మా" అన్నారు.

ఆమె దుప్పటి వైపు చూసి, "అది పెట్టండి మేడమ్" అంది.

"ఎందుకూ? అక్కర్లేదు."

"పెట్టండి. మెసేజ్ రాకపోతే లోపల ఏం మాట్లాడావని అడుగుతారు. ఎంతసేపు ఆపారో కూడా అడుగుతారు. పెట్టండి, చెప్పేస్తాను."

మేడమ్ కదల్లేదు. ఎర్ర చుక్క వెలిగించింది నేనే. ఆమె కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చుని, వెనక బెంచీ దాకా వినబడేలా పాఠం చెప్పే గొంతుతో చెప్పింది. "నేను నా ఇష్టంతోనే లూపు తీయించుకుంటున్నాను. నన్ను ఎవరూ బలవంతం చెయ్యలేదు. మాకు పిల్లలు కావాలి." చెప్పి మేడమ్ వైపు చూసింది, సరిపోయిందా అన్నట్టు.

లూపు తీయడం పెద్ద పనేమీ కాదు. మేడమ్ చెయ్యి మెత్తనని చెప్పాను కదా. పని అయిపోయాక మేడమ్ అలవాటు చొప్పున ఫోను వైపు తిరిగి, "అమ్మాయ్..." అన్నారు. అని ఆగిపోయి, నా వైపు చూసి, ఫోను ఆపేశారు.

నేను నా గదికి వెళ్ళి స్క్రీను తెరిచాను. అప్పటికే రాసేసి ఉంది. 'మీరు మీ ఇష్టపూర్వకంగా గర్భనిరోధక సాధనాన్ని తొలగించుకున్నారు. మీపై ఎవరి ఒత్తిడీ లేదని తెలిపారు. మీరు సంతానం కోరుకుంటున్నారు. జాగ్రత్తగా ఉండండి.' రెండుసార్లు చదివాను. అక్షరం పొల్లు పోలేదు. ఏదో ఒక తప్పు దొరికితే బాగుండుననిపించింది, ఆపి వెనక్కి పంపడానికి. నా ఉద్యోగం తప్పులు పట్టడం, అందులో తప్పు లేదు.

నా గది తలుపు తీసే ఉంది. ఎదురుగా వరండాలో వాళ్ళు కూర్చున్నారు. అత్తగారు పర్సులోంచి వక్కపలుకులు తీసి నోట్లో వేసుకుంటోంది. ఆమె గోడకి ఆనుకుని నేలకేసి చూస్తోంది. ఆయన ఫోను అరచేతిలో పెట్టుకుని, తల వంచి ఎదురుచూస్తున్నాడు. పంపకుండా ఎంతసేపు ఉంచగలనో చూశాను. ఆయన ఒకసారి తల ఎత్తి, మూసి ఉన్న మేడమ్ గది వైపు, తర్వాత ఆమె వైపు చూశాడు. ఆమె చీర చెంగుని వేలికి చుట్టుకుంది.

నొక్కాను. వరండాలో టింగుమంది. ఆయన ఆసాంతం చదివాడు, ఫోను తల్లికి చూపించాడు, జేబులో పెట్టుకుని లేచాడు. నా గుమ్మం ముందు నుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగి, మర్యాదగా తలూపి, "థాంక్సండి" అన్నాడు.